నీడకూ ఒక లెక్క కావాలి

 

ఎండలు ముదిరేకొద్దీ ఔషధ మొక్కలను నీడన పెంచమనే సలహా ఎక్కువగా వినిపిస్తోంది. సలహా మంచిదే. కానీ ఏ మొక్కకు, ఏ నెలలో, ఎంత నీడ అన్నది తేల్చకుండా నెల్లూరు తీరపు రైతుకు ఆ మాట చెబితే అది మోతాదు రాయని మందుచీటీయే.

నిమ్మగడ్డి, వట్టివేరు ఎండను కోరే గడ్డిజాతులు. వాటిని నీడలో పెడితే దిగుబడి పడిపోతుంది. నేలవేము సంగతి వేరు. అడవుల్లో చెట్ల కింద పెరిగే మొక్క అది. మూడు నాలుగు నెలల్లో కోతకొస్తుంది. జూన్, జూలైలో నాటమనే సూచన నైరుతి వానలున్న ప్రాంతాలకు సరిపోతుంది. మన తీరానికి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవి. ఆ వానలకు నాటితే ఎండలు రాకముందే కోత ముగుస్తుంది. నీడ నారుమడికి చాలు. అయితే పగటిపొద్దు తగ్గే ఆ రోజుల్లో మొక్క ఎదగకుండానే పూతకొస్తుందా అన్నది ఇక్కడి ఇసుక నేలల్లోనే పరీక్షించాలి.

సర్పగంధికి ఈ వెసులుబాటు లేదు. 1952లో రక్తపోటు మందు రిసర్పిన్‌ను రాబట్టింది దాని వేరు నుంచే. ఆ వేరు తయారు కావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అంటే కనీసం ఒక రోహిణి కార్తెను, ఒక్కోసారి రెండింటిని దాటాలి. అసలు నీడ అవసరం ఇలాంటి మొక్కలకే.

ఆ నీడ ఎక్కడిది? షేడ్‌నెట్ తుపాను గాలికి నిలవదు. సరుగుడు తోటలున్నాయి కదా అంటారు. ఒత్తుగా నాటిన సరుగుడు కింద వెలుతురు తక్కువ, రాలిన ఆకు మందం, తేమకు పోటీ ఎక్కువ. ఎడంగా నాటిన కొబ్బరి నయం. అవిసె మీద తమలపాకు తీగను పాకించే రైతు, నీడ ఎక్కువైతే కొమ్మ నరుకుతాడు, ఎండ ముదిరితే ఉంచుతాడు. మనకు కావలసింది అలా సర్దుకోగలిగే నీడ.

మరో మాట. నీడలో ఆకు వెడల్పవుతుంది. మందుగుణం కూడా అంతే పెరుగుతుందన్న హామీ లేదు. కొనేవాడు బరువు చూస్తాడు, రోగికి కావలసింది సారం. ప్రయోగశాలలో సారం తేల్చి, దానికి తగ్గ ధర రైతుకు అందనంతవరకు నీడసాగు లాభమో నష్టమో ఎవరూ చెప్పలేరు.

ఈ నీడ లెక్క తెలిసినవారు మన దగ్గరే ఉన్నారు. శ్రీహరికోట అడవిలో ఏ చెట్టు కింద ఏ మొక్క నిలుస్తుందో తరతరాలుగా ఎరిగినవారు యానాది గిరిజనులు. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం వారిలో చాలామంది ఆ దీవిని వదలవలసి వచ్చింది. వారి పరిజ్ఞానాన్ని వాడుకుంటే ప్రతిఫలంలోనూ వారికి భాగం ఉండాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉద్దేశమూ అదే.

మనం కూడిన ఈ సదస్సు ముగిసేలోగా ఒక తీర్మానం చేద్దాం. తీర గ్రామాల్లో రైతుల పొలాల్లోనే, పూర్తి ఎండలోనూ రెండు మూడు స్థాయిల నీడలోనూ ఈ మొక్కలను పెంచి, బరువునూ సారాన్నీ నీటి ఖర్చునూ పక్కపక్కనే రాద్దాం. ఆ ఫలితాలు తెలుగులో అచ్చయి రైతు చేతికి చేరాలి.