మన ఎం.పి. సభలో ఏమడిగారు?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఓటడిగి గెలిచినవాళ్లు ఢిల్లీ వెళ్లాక ఏం చేస్తున్నారో తెలుసుకోవడమెలా అని మీలో చాలామంది అడిగారు. పత్రికలు ముందుగా వేసేది హాజరు లెక్క. నా దృష్టిలో దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. సంతకం పెట్టి బయటికి నడిచినా హాజరే! మంత్రులైతే ఆ రిజిస్టరులో సంతకమే పెట్టరు.

నేను చూసేది ప్రశ్నలు. పార్టీ విప్ జారీ చేస్తే దాన్ని కాదని ఓటు వేసినవారికి 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. ప్రశ్న వేయడానికి ఆ అడ్డు లేదు. లోక్‌సభలో రోజుకి మంత్రి నోటితో జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, రాతపూర్వక జవాబిచ్చేవి 230 జాబితాకెక్కుతాయి. వాటిలో మన జిల్లా అంగన్‌వాడీ కార్యకర్తల గౌరవ వేతనం గురించి, గృహహింస చట్టం కింద రక్షణాధికారుల నియామకం గురించి ఒక్కటైనా ఉందా? సంఖ్య చూసి మురిసిపోకండి. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నారని 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను పార్లమెంటు బహిష్కరించింది. ప్రశ్న ఎవరికి పనికొచ్చేదో చదివి చూడాలి.

ఓటు సంగతి ఇంకా చిక్కు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. మన బతుకుల్ని ఇంతగా మార్చిన బిల్లుకి చివరికి ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా లెక్క లేదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లు రాజ్యాంగ సవరణ కనుక ఓట్లు లెక్కించక తప్పలేదు. అనుకూలం 454, వ్యతిరేకం 2. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. ముస్లిం, వెనుకబడిన తరగతుల స్త్రీలకు విడిగా కోటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ వాదనతో ఏకీభవించినా మానినా, పేరు నమోదైంది కాబట్టి ఎదురుగా కూర్చుని చర్చించగలం. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలన్న షరతుకి ఎందుకు తలూపారని ఆ 454 మందినీ అడగాలి. 1996 నుంచీ ఎదురుచూసినవాళ్లం, ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.

ప్రశ్నలు, జవాబులు, చర్చల పాఠాలు లోక్‌సభ వెబ్‌సైటులోనే దొరుకుతాయి. ప్రతి సంఘంలో ఇద్దరు ఈ పని తీసుకోండి, ఒక నోటుపుస్తకం చాలు. మనకు కావలసిన ప్రశ్నను మనమే రాసి ఎం.పి. చేతికివ్వండి. ప్రశ్నకి ముందుగా నోటీసు ఇవ్వాలి కనుక, సమావేశాలు మొదలయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లండి.