థింసాకు మేళం కట్టేవారు



అరకు లోయ పేరు వినగానే మనలో చాలమందికి రెండు సంగతులు మనస్సున మెదలుతాయి. సొరంగాలలో దూరి లేచే రైలు ఒకటి, థింసా నృత్యం రెండవది. పదిహేను ఇరువదిమంది స్త్రీలు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని, అర్ధచంద్రాకారంగా నిలిచి, ఒక్క శరీరమే కదలుతున్నదా అన్నట్లు ముందుకు వంగి లేస్తున్న చిత్రం మనం అనేక పర్యాయాలు చూచి ఉన్నాము. ఆ చిత్రాలలో ఒక మూలగా, సగం కత్తిరింపబడి, తుడుము తగిలించుకొన్న మనిషి ఒకడు కనుపిస్తాడు. ఒక్కొక్కప్పుడు అతని పుల్లలు మాత్రమే కనుపిస్తాయి. నేను ఈ పూట చెప్పదలచినది అతనిని గూర్చి. రేడియోలో మాటలాడేవానికి ఇందులో ఒక సౌకర్యం కూడ కలదు. మన పెట్టెలో ఆట కనుపించదు. అందెల మోత కొంత, అడుగుల సవ్వడి కొంత, తక్కినదంతా మేళమే. చిత్రపటంలో మూలకు పోయినవాడు ఇక్కడ నడుమకు వస్తాడు.

థింసా మేళంలో ముఖ్యమైనది మోరీ. ఇది సన్నాయి జాతి వాద్యం. చివర లోహపు మూతి వికసించి ఉంటుంది. ఊదేవాడు బుగ్గలలో గాలి నిలువచేసుకొని, ముక్కుతో ఊపిరి తీసుకొంటూనే పీకలోనికి గాలి పంపుతాడు; అందువల్ల పాట నడుమ తెగదు. దీనికి తోడు తుడుము, కిరిడి, డప్పు ఉంటాయి. కొన్నిచోట్ల జోడుకొమ్ములు కూడ చేరుతాయి. తుడుము అర్ధగోళాకారం, పొట్టమీదికి వ్రేలాడదీసి రెండు పుల్లలతో వాయిస్తారు. కిరిడి చిన్నది, గొంతు హెచ్చు. అరకు సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మంచు దిగే రాత్రులలో చర్మం వదులై డప్పు మూగబోతుంది. అందుచేత ఆటకు ముందు వాద్యగాళ్ళు చలిమంట వేసుకొంటారు. మంట ముందు వాద్యం కోసం, పిదప మనిషి కోసం.

ఈ కొండలలో బగత, కొండదొర, వాల్మీకి, ఖోందు, పోర్జ, కోటియ మొదలైన తెగలవారు కలిసి నివసిస్తారు. ఇంటిభాషలు వేరు, సంతలో, ఆటలో చాలవరకు ఆదివాసీ ఒరియా నడుస్తుంది. థింసా ఈ తెగలన్నింటికీ ఉమ్మడి ఆస్తి. అయితే మేళం కట్టే పని అనేక గ్రామాలలో వాల్మీకి కుటుంబాలవారిది. ఎల్లకు ఆవల కోరాపుట్ ప్రాంతంలో ఈ మోరీనే మొహురి అంటారు. అక్కడ దానిని వాయించేవారు డొంబులు. ఏ తెగవారి పెళ్ళి అయినా మేళం రానిదే నడవదు. అటువంటి మేళగాడికి ఊరిలో ఎత్తుపీట వేసినారా అంటే, లేదనే చెప్పవలెను. ఈ మాట ఒక్క కొండలకే చెల్లదు. మైదానంలో మంగళవాద్యం లేని శుభకార్యం ఉన్నదా? ఆ వాద్యం పట్టినవారికి మనం చూపిన మర్యాద ఎంతటిదో మనకు తెలియనిదా?

మేళం ఆటకు వెనుకపాట అనుకొనుట పొరపాటు. అది ఆటకు కళ్ళెం. థింసాలో రకాలు పెక్కు. గ్రామదేవతను కొలిచేది బోడ థింసా. వంగి లేస్తూ ఇరువదియైదు అడుగుల లెక్కతో సాగేది గొడ్డి బేట. ఆకులు ఏరుకొనే పనిని చూపేది పొటర్ తోల. పులి వాత పడకుండ తప్పించుకొనే తీరు చూపేది భాగ్ థింసా. భుజాలతో ఒకరినొకరు త్రోసుకొంటూ ఊగేది కుండ థింసా. దీపావళి నాడు వాల్మీకులు ఒంటరిగా ఆడేది నాటికారి. ఇన్ని ఆటలలో ఒకదానినుండి మరొకదానికి మారవలెనంటే ఎవరు చెప్పవలె? ఇరువదిమంది చేతులు వెనుక చిక్కుకొని ఉన్నవి. నాయకురాలు సైగ చేస్తే చివరనున్న పిల్లకు కనుపించదు. తుడుము దెబ్బ మారుతుంది, మోరీ ఒక పలుకు విసరుతుంది, వరుస మొత్తం కాలు మారుస్తుంది. అలసినవారిని చూచి నడక తగ్గించేవాడూ అతడే. అలుపు తెలియకుండ రాత్రి గడిపించేవాడూ అతడే.

పెళ్ళిలో ఒక రాత్రి సాగే ఈ వ్యవహారం వేదిక మీద పది నిమిషాలకు కుదించుకొనిపోయినది. బైలదిల్లా ఇనుపరాయి కోసం 1960 ప్రాంతాలలో కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం వేసినారు. ఆ రైలే పిదప యాత్రికులను తెచ్చినది. యాత్రికులకు వినోదం కావలె, వినోదానికి థింసా ఉన్నది. ఇందులో నేను తప్పు పట్టబోవటం లేదు. ఆడిన స్త్రీలకు నాలుగు రూపాయలు వస్తున్నవి, తమ ఆటకు విలువ ఉన్నదని పిల్లలు గ్రహిస్తున్నారు. కాని పది నిమిషాల ఆటలో అయిదారు రకాల నడకలకు చోటు లేదు. ఒకే నడక చాలును. ఒకే నడకకు మోరీగాడి నేర్పు అంతగా అవసరం లేదు. ఇక పట్టణాల పాఠశాలలలో వార్షికోత్సవం నాడు యంత్రంలో పాట పెట్టి థింసా ఆడించుట మనం చూస్తున్నదే. చీర కట్టు ఉన్నది, సిగలో పువ్వు ఉన్నది, అడుగు ఉన్నది. మేళం మాత్రం రాలేదు. వేదికలు పెరిగినకొలదీ ఆట నిలిచి, ఆటను నడిపే విద్య జారిపోతున్నది. నా బాధ ఇది.

ఈ చిక్కు మన కొండలకే వచ్చినది కాదు. భూగోళానికి ఆవలి వైపున ఒక పల్లె మేళం ఇటువంటి త్రోవలోనే పడి, మరొక విధంగా తేలినది. దాని కథ మనకు ఉపయోగించేది గనుక కొంచెం విపులంగా చెప్పుతాను.

మెక్సికో దేశపు పడమటి భాగాన హలిస్కో అనే రాష్ట్రం కలదు. అక్కడి పల్లెలలో, భూస్వాముల పొలాలలో పనిచేసే కూలివారు పెళ్ళిళ్ళకూ పండుగలకూ వాయించే మేళానికి మరియాచి అని పేరు. ఫిడేళ్ళు, వీణవంటి హార్పు, విహువేలా అనే చిన్న గిటారు, గితర్రోన్ అనే పెద్ద బొజ్జ గిటారు అందులోని వాద్యాలు. మొదట బూర లేదు, ఒకేరకపు దుస్తులూ లేవు. 1930లో మెక్సికో నగరంలో ఎక్స్.ఇ.డబ్ల్యు. అనే ఆకాశవాణి కేంద్రం వెలసినది. తెకాలిత్లాన్ గ్రామంలో గాస్పర్ వర్గాస్ అనే ఆయన వెనుకటి శతాబ్ది చివర నెలకొల్పిన మేళం, ఆయన కుమారుడు సిల్వెస్త్రే చేతికి వచ్చి, 1934లో దేశాధ్యక్షుడు కార్దెనాస్ పదవీస్వీకార సందర్భంలో వాయించి, రాజధానిలో నిలిచిపోయినది. రేడియోలో, చలనచిత్రాలలో బూర స్థిరపడినది. వెండి గుండీల గుఱ్ఱపురౌతు దుస్తులు వచ్చినవి. ఆ దుస్తులు ఒకనాడు భూస్వాములు ధరించినవి! కూలివాని పాట దొరవారి అంగరఖా తొడిగినదన్నమాట. వేషం మారినదని అక్కడివారూ వాపోయినారు. వేషం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది. దానికోసం నిద్ర మానుకోనక్కరలేదు.

అసలు సంగతి ఎల్ల దాటిన తరువాతిది. మెక్సికోనుండి అమెరికా సంయుక్తరాష్ట్రాలకు వలస వచ్చినవారి పిల్లలకు స్పానిష్ సన్నగిల్లినది, పాఠశాలలో ఇంగ్లీషు వచ్చినది. తండ్రుల మేళం రెస్టారెంటులో బల్లబల్లకూ తిరిగి డబ్బులు పుచ్చుకొనే వ్యవహారమైనది. అక్కడ కొందరు నడుము కట్టినారు. హలిస్కోలో 1933లో పుట్టి లాస్ ఏంజిలీస్ చేరిన నాతి కానో 1961లో లోస్ కంపేరోస్ అనే మేళం ఏర్పరచినాడు. 1969లో తానే ఒక భోజనశాల తెరచి, అందులో వేదిక కట్టి, తినేవారు వాద్యగాని వైపు తిరిగి కూర్చొని వినేటట్లు చేసినాడు. బల్లల నడుమ తిరిగేవాడు వేదిక ఎక్కినాడు. అదే 1961లో ఆ నగరపు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మరియాచి వెలసినది. అరిజోనాలోని టూసాన్ పట్టణంలో 1964లో ఒక క్రైస్తవ మతాచార్యుడు బాలుర చేత మేళం కట్టించినాడు. దాని పేరు లోస్ చంగితోస్ ఫెయోస్, అనగా వికారపు కోతిపిల్లలు. ఆ పిల్లలు వాయించి సంపాదించిన సొమ్ము వారి కళాశాల చదువులకు విద్యార్థివేతనంగా వెళ్ళేది. క్రమంగా టెక్సాస్, అరిజోనా, కాలిఫోర్నియాలలోని అనేక పాఠశాలలలో మరియాచి ఒక పాఠ్యవిషయమైనది. 1987లో లిండా రాన్‌స్టాట్ అనే ప్రఖ్యాత గాయని తన తండ్రి తరపు పాటలతో స్పానిష్‌లో ఒక రికార్డు వెలువరించగా ఇంగ్లీషు శ్రోతలు కూడ చెవియొగ్గినారు. 2011లో యునెస్కో మరియాచిని మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది.

ఇందులో యునెస్కో పట్టిక కన్న నాకు కోతిపిల్లల మేళమే పెద్దదిగా తోచుతున్నది. పట్టికలో చేరినందువల్ల పదేళ్ళ పిల్లవాడు ఫిడేలు పట్టడు. పట్టితే చదువుకు సొమ్ము వస్తుంది, నేర్పేవాడు వారానికి ఇన్ని గంటలు దొరుకుతాడు, తోటివారు నవ్వరు అంటే పట్టుతాడు.

మన ఏజెన్సీ కొండలలో ఆశ్రమ పాఠశాలలు ఉన్నవి. పిల్లలు అక్కడే ఉండి చదువుకొంటారు. అంటే సాయంకాలాలు వారి చేతిలో ఉన్నవి. ఊరిలో ఉంటే పెళ్ళిళ్ళలో తండ్రి ప్రక్కన కూర్చొని చెవితో నేర్చుకోవలసిన విద్య ఇది. వసతిగృహంలో చేర్చుటచేత ఆ కూర్చొనుట తప్పిపోయినది. చదువు మంచిదే గనుక తప్పిపోయినదానిని బడియే తిరిగి సమకూర్చవలె. ఆటలు నేర్పే ఉపాధ్యాయునికి జీతమిచ్చినట్లే మోరీ నేర్పే పెద్దకు ఇవ్వవచ్చును. ఆయనకు డిగ్రీ లేదని గుమాస్తా కాగితం త్రిప్పిపంపితే ఆ పని అక్కడే ఆగుతుంది. నాతి కానోకు హలిస్కోలో తన తండ్రీ తాతా నేర్పినారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. మేళం కొన్ని కుటుంబాల వృత్తి అయినచోట, వాల్మీకి బాలునికి చదువు చెప్పి మరల మోరీయే చేతికిస్తే అతనిని పాతచోటనే కూర్చోబెట్టినట్లు కాదా? అవుతుంది, అతనికి మాత్రమే ఇస్తే. అందుచేత తరగతిలో బగత పిల్లవానికీ, పోర్జ పిల్లవానికీ, కోటియ పిల్లవానికీ కూడ ఇవ్వవలె. మోరీ పట్టుట ఒక కులపు బాధ్యతగా కాక ఒక విద్యగా నిలిచినప్పుడు, దానిని తరతరాలుగా కాపాడిన కుటుంబాలవారు గురువుల పీట మీద కూర్చుంటారు. కొండకు దూరంగా తెలంగాణలో ఒక ఉదాహరణ ఉన్నది. కోయల వంశావళులు, సమ్మక్క సారలమ్మల కథ డోలు మీద పాడి చెప్పే సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన కన్నుమూసినారు. బిరుదు వయస్సు మీరిన పిదప వస్తుంది. శిష్యులు ముందే రావలె.

ఆడపిల్లల మాట ఒకటి మిగిలినది. థింసాలో ఆడేవారు ముఖ్యంగా స్త్రీలు, వాయించేవారు పురుషులు. మరియాచి కూడ చాలకాలం పురుషులదే. 1994లో లాస్ ఏంజిలీస్‌లో కేవలం స్త్రీలతో మరియాచి రేనా అనే మేళం ఏర్పడినది. ఆ పిల్లలలో చాలమంది బడులలో వాద్యం నేర్చినవారే. థింసా వరుసలో కాలి లెక్క ముందుగా తెలిసినది ఆడపిల్లకే గదా. ఏ దెబ్బకు ఏ అడుగు పడవలెనో ఆమెకు వేరే నేర్పనక్కరలేదు.

చైత్రమాసంలో ఇటికల పండుగ రోజులలో మీరు అరకు దారిన పోతే స్త్రీలు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టుకొని బండి ఆపుతారు. ఆపి పాడతారు, ఆడతారు, నాలుగు డబ్బులడుగుతారు. ఇచ్చి వెంటనే కదలిపోకండి. దిగి, మేళం ఎక్కడ ఉన్నదో చూచి, మోరీ వాయించే ఆయన దగ్గరగా నిలిచి, ఒక నడక మారేదాక వినండి.