వెబ్‌సైట్లను నమ్ముటలో పదిమంది మాటకు ఎంత విలువ?

(ఢిల్లీ పరిసరాలలో పనిచేయుచున్న తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఇక్కడ సాధారణంగా వేతనాలను గురించి, పని గంటలను గురించి, పింఛనును గురించి చర్చించుకొంటాము. ఈనాడు ఆ పింఛను చేతికి వచ్చిన పిమ్మట దానిని కాపాడుకొనే విషయం మీ ముందుంచదలచినాను.

ఘాజియాబాదులో నివసించే ఒక విశ్రాంత రైల్వే సోదరుడు కేదారనాథ యాత్రకు హెలికాప్టరు టికెట్ల కోసం వెదకినారు. కనబడిన వెబ్‌సైటులో ఐదు నక్షత్రాలు, వాటి క్రింద యాత్రికుల ప్రశంసలు బారులు తీరి ఉన్నవి. ఇంతమంది మెచ్చినారు గదా అని దంపతులిద్దరికీ సొమ్ము చెల్లించినారు. టికెట్లు రాలేదు, ఫోను పలుకలేదు. సిగ్గుతో ఆ సంగతి ఇంటివారికి కూడా చెప్పలేదు.

ఇది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. కేంద్ర హోం శాఖకు చెందిన భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఇటువంటి నకిలీ యాత్రా వెబ్‌సైట్లను గురించి దేశ ప్రజలను హెచ్చరించవలసి వచ్చినది. అధికారిక వెబ్‌సైటుగా ఆ హెచ్చరికలో పేర్కొన్నది ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్రను. అనగా మన రైల్వే కుటుంబపు సంస్థనే! మన ఇంటి తలుపు ఎదుట నిలిచి, పొరుగువాని తలుపు తట్టినట్లయినది.

మిత్రులారా, పదిమంది మాటకు విలువ లేదని నేను అనను. సంఘం మనిషికి పదిమంది మాటే బలం. కాని సంఘంలో చేతులు లెక్కించుటకు ముందు, ఎత్తినవారు సభ్యులేనా అని పట్టిక చూస్తాము. ఆ వెబ్‌సైటుకు నక్షత్రాలు ఇచ్చినవారు యాత్రికులు కారు. దానిని పెట్టినవాడే గీసికొన్నాడు. తనకు తానే వ్రాసికొన్న యోగ్యతాపత్రమది.

ఈ బెడదను గుర్తించియే భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అను ప్రమాణాన్ని వెలువరించినది. అభిప్రాయం వ్రాసినవాడు నిజమైన మనిషేనా అని సరిచూడవలెనని, కొనుగోలు చేసిన పొగడ్తలను ప్రకటించరాదని దాని సారాంశం. అయితే అది స్వచ్ఛందంగా పాటించుటకై వచ్చిన ప్రమాణం. మోసగాడు స్వచ్ఛందంగా నియమాలకు లోబడునా?

సాక్షులు నిజమైనవారైనా, ఆ సాక్ష్యాన్ని దాచే పెట్టె ఎవరి చేతిలో ఉన్నదో చూడవలెను. ఫిన్లాండులో 2006లో స్థాపించబడిన ‘వెబ్ ఆఫ్ ట్రస్ట్’ అను సంస్థ, వెబ్‌సైట్లకు వాడుకరులే మార్కులు వేసే ఏర్పాటు చేసినది. ఎరుపు, పసుపు, పచ్చ రంగులతో మంచిచెడ్డలు చూపే ఆ సాధనాన్ని కోట్లమంది దింపుకొన్నారు. 2016 నవంబరులో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్, ఆ వాడుకరులు ఏయే వెబ్‌సైట్లు చూచినారో తెలిపే సమాచారం ఇతరులకు అమ్ముడుపోవుచున్నదని బయటపెట్టినది. నమ్మకాన్ని కొలిచే త్రాసే నమ్మకాన్ని వమ్ము చేసినది.

మరి ఈ మార్కులను ఎట్లా వాడుకొనవలెను? మన వృత్తియే దారి చూపుచున్నది. ప్లాట్‌ఫారం మీద వందమంది ‘పోనిమ్ము’ అని కేకలు వేసినా లోకో పైలట్ బండి కదపడు, సిగ్నల్ పడవలెను. కాని పట్టాల మీద ముక్కు మొగము తెలియనివాడు ఒక్కడు ఎర్రగుడ్డ ఊపినా బండి ఆపును. జనుల మెప్పును పచ్చజెండాగా తీసికొనరాదు. జనుల ఫిర్యాదును ఎర్రజెండాగా తీసికొనవలెను. తప్పుడు ఫిర్యాదు వలన కొంత ఆలస్యం కలుగును. తప్పుడు మెప్పు వలన సొమ్మంతా పోవును.

సిగ్నల్ ఏదందురా? చిరునామా. ఆర్ఎంఎస్ సోదరులకు ఇది సుపరిచితం. 1972లో పిన్‌కోడ్ వచ్చిననాటి నుండి సార్టరు మొదట చూచేది గ్రహీత పేరును కాదు, చివరనున్న ఆరంకెలను. వెబ్ చిరునామాలో కూడా మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని చివరి నుండి చదువవలెను. మొదట ఎంత పెద్ద సంస్థ పేరున్నా, చివర అపరిచితమైన పేరున్నచో ఆ ఉత్తరం వేరొక ఊరిది. తపాలా శాఖ చిరునామా ‘గవ్ డాట్ ఇన్’తో ముగియును. బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’కు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది, ఆ పేర్లను నమోదు చేసే బాధ్యతను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించినది. పార్సిలు నిలిచిపోయినది, చిరునామా సరిచేయండి అని వచ్చే సందేశాలను ఈ గీటురాయి మీదనే పరీక్షించండి.

చివరిగా మన బాధ్యత. సొమ్ము పోయిన వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరపడితే, ఆ సొమ్ము చేతులు మారకుండ ఆపుటకు అంత అవకాశం. జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. అనుమానించిన వెబ్‌సైటుపై అంతకు ముందే ఫిర్యాదులున్నవా అని అక్కడ చూచుకొనవచ్చును. ఎవరో ఒకరు సిగ్గు విడిచి చెప్పిననే గదా ఆ పట్టిక నిండేది!

ఆ ఘాజియాబాదు సోదరుడు చాలాకాలం మౌనం వహించినారు. ఆ కాలంలో ఎందరు అదే వెబ్‌సైటుకు సొమ్ము కట్టినారో! ఈనాడు ఆయన అనుమతితోనే ఈ సంగతి మీకు చెప్పుచున్నాను. అది ఆయన ఆలస్యంగానైనా ఊపిన ఎర్రగుడ్డ. మన ప్రతి శాఖ నోటీసు బోర్డులో అట్టి అనుభవాలకు కొంత చోటు కేటాయించవలెనని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.