పనిముట్లు: మంచిచెడ్డల పరీక్ష



రత్నములను పరీక్షించుటకు మన పూర్వులు శాస్త్రము వ్రాసిరి. గుఱ్ఱములకును, ఏనుగులకును శుభాశుభ లక్షణములు చెప్పిరి. గొడ్డలికి, కొడవలికి, నీళ్లబిందెకు అట్టి లక్షణ గ్రంథమును నేనెచ్చటను చదువలేదు. కాని రత్నమును కొనువారు ఊరికొక్కరైన నుందురో లేదో. కొడవలి కొనని కాపు లేడు, గిన్నె కొనని గృహిణి లేదు. కావున ఈ చిన్న వస్తువుల పరీక్షను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. నేను వర్తకుడను గాను, కమ్మరిని గాను. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులను. ఈ విషయమున నాకు గల అర్హత యంతయు ఒక తప్పు చేసి నేర్చుకొన్నదే.

1983లో, ఉద్యోగమున చేరిన క్రొత్తలో, నేనొక తిరునాళ్లలో గొడ్డలి కొంటిని. కామకు ఎఱ్ఱని రంగు పూసి యుండెను. ఊరి కమ్మరి చేసిన దానికంటె ఎనిమిది రూపాయలు తక్కువ. మిగిలినదిగదా యని సంతోషించితిని. మా పెరటిలోని తుమ్మమొద్దు చీల్చుటకు వచ్చిన కూలివాడు, నాకంటె వయసున పెద్దవాడు, దానిని రెండుమార్లు ఎత్తి చూచి, “పంతులుగారూ, ఇది చేతిలో నిలవటం లేదండీ” అనెను. నేను నవ్వి, “ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నదే!” అంటిని. అతడు మాఱు మాటాడలేదు. మూడవనాడు కామ విఱిగి, గొడ్డలి యూడి, అతని మోకాలి క్రింద తగిలెను. మూడు వారములు అతడు పనికి పోలేదు. రంగు గోకి చూచితిని. దాని క్రింద పెద్ద ముడి యుండెను. కఱ్ఱ నార పొడవునకు గాక అడ్డముగా పోయి యుండెను. నేను మిగిల్చినది ఎనిమిది రూపాయలు. అతడు పోగొట్టుకొన్నది ఇరువది దినముల కూలి. వైద్యమునకును, కూలికిని నేను డబ్బిచ్చితిని గాని, ఆ కాలిమీది మచ్చను తీయలేకపోతిని.

ఆడలేనివాడు మద్దెలను నిందించుట లోకమున కలదు. కాని మద్దెల నిజముగా ఓడైనప్పుడు ఆడువాని మాటను నమ్మువాడెవడు? కొనుచేయి యొకటి, పట్టుచేయి యొకటి యైనప్పుడు వచ్చు కీడిది. వెల చెల్లించువాడు వెలనే చూచును. బరువు, పట్టు, పదును ఇవి తెలిసినది పట్టువానికే. కావున పరీక్షలో మొదటి సూత్రము ఇది: వస్తువును ఎవరు వాడుదురో వారి చేతికిచ్చి, వారి నోటిమాట విని, పిమ్మట కొనవలెను.

ఇక ఇనుప సామాను సంగతి. కొడవలికి వాయి కఠినముగాను, వెన్ను కొంత మెత్తగాను ఉండవలెను. వాయి మిక్కిలి కఠినమైన పెళుసై విఱుగును. మెత్తనైన వంగి మొద్దుబారును. కమ్మరి కాల్చి నీట ముంచి పదును పెట్టుటలో సాధించునది ఈ సమత్వమునే. తెలుగు దేశమున ఈ విద్య అల్పమైనది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఒకప్పుడు మూసలలో కరగించి తీసిన ఉక్కు పారశీక దేశపు వర్తకులు వచ్చి కొనునంతటి పేరు పొందెను. కొనునప్పుడు వాయిని కంటికెదురుగా పట్టి తిన్నగా నున్నదో లేదో చూడుడు, బీటలున్నవేమో వెదకుడు. కామకు రంగున్నచో సందేహింపుడు. నార పొడవునా సాగి, ముడులు లేని కఱ్ఱయే కామకు తగినది.

మట్టిపాత్రకు చెవియే సాక్షి. వ్రేలి కణుపుతో తట్టినప్పుడు బాగుగ కాలిన కుండ ఖంగుమనును. బీటవారినది బొంగురు పలుకును. అయితే గుణదోషములు వస్తువునందే లేవు, వాడుకయందు కలవు. నీళ్లకుండ సన్నగా చెమర్చుట దోషము గాదు. ఆ చెమ్మ ఆవిరి యగుటచేతనే లోని నీరు చల్లబడును. నూనెజాడీ చెమర్చినచో అదే దోషము. దేనికొఱకు కొనుచున్నామో తెలియక మంచిచెడ్డలు నిర్ణయింపరాదు.

లోహపాత్రలలో ఇత్తడి రాగియు తుత్తునాగమును కలిసినది; కంచు రాగియు తగరమును కలిసినది. ఈ రెండును అయస్కాంతమున కంటవు. ఇత్తడి యని చెప్పిన బిందె అంటినచో అది ఇనుముమీది పూత. కాని ఈ పరీక్షను స్టెయిన్‌లెస్ స్టీలునకు పట్టింపరాదు. నికెలు తగినంత కలిసిన రకము అయస్కాంతమునకు సాధారణముగా అంటదు. నికెలు లేని మేలురకములు కొన్ని అంటును. అంటినంతనే కల్తీ యని అంగడివానితో తగవు పెట్టుకొనుట అన్యాయము. మఱియు, ఇత్తడి రాగి గిన్నెలలో కళాయి లేక చింతపండు చారు కాచరాదు. పులుపు రాగిని కరగించి వంటకమును చెఱచును. కళాయి పోయినదేమో చూచుకొనుట కొనుటకంటె ముఖ్యము.

బిందె విషయమున నా గృహిణి నాకొక పాఠము చెప్పినది. ఇత్తడి బిందె తరములు నిలుచును, పాతదైనను తూకమునకు మారకము వచ్చును, ప్లాస్టిక్కు పాతబడిన ఎందుకు పనికివచ్చునని నేను వాదించితిని. “మోసేది మీరైతే ఇత్తడిదే కొనండి” అని ఆమె యనినది. పదిహేను లీటర్ల నీరు పదిహేను కిలోలు. దానిపై బిందె బరువు కూడ తలకెక్కును. మునేటి చెలమనుండి నీరు మోసిన స్త్రీలు తేలికబిందెను మెచ్చుకొన్నారన్న అది అవివేకము గాదు. ఇచ్చటను పట్టుచేయి మాటయే నెగ్గినది.

వెలకు వత్తము. నూరు రూపాయల కొడవలి ఒక్క కోతకు చెడును, రెండువందల ఏబది రూపాయలది ఐదు కోతలు నిలుచును అనుకొందము. మొదటిదానికి కోతకు నూరు, రెండవదానికి ఏబది. కావున అధికమైన వెలయే తక్కువ వెల. ఈ లెక్క బీదవానికి తెలియక కాదు. ఆ దినమున అతనిచేత నూరు రూపాయలే యుండును. చవుక వస్తువు దారిద్ర్యమునకు కట్టించు పన్ను. అందుచేత కూలివానిని తన పనిముట్టు తెచ్చుకొమ్మను కామందు, మంచి పనిముట్టు తానే కొని యిచ్చుట ధర్మము, లాభము కూడ.

కంటికి చెవికి అందని లోపములుండును. అచ్చట చేసినవాని పేరే పూచీ. మా జగ్గయ్యపేట స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించెను. అచ్చటి శాసనము ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరువదవ యేట వెలసినది. సిద్ధార్థుడను శిల్పి, నాగచంద్రుని కుమారుడు, మహాచైత్యపు తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభములు నిలిపినట్లు అందు కలదు. అతడు తండ్రి పేరు, ఊరి పేరు చెప్పుకొని తన స్తంభములకు తానే పూచీ పడెను. పేరు చెక్కువాడు పని చెఱుపుటకు సిగ్గుపడును. ఊరి కమ్మరికి ఆ సిగ్గు కలదు. మఱునాడు అతడు మన మొగము చూడవలెను. యంత్రముపై తయారై దూరమునుండి వచ్చు వస్తువునకు ఆ సిగ్గును చట్టము కలిగింపవలసి వచ్చినది. 1947లో నెలకొని, 1987లో భారతీయ ప్రమాణముల సంస్థగా మాఱిన వ్యవస్థ ఇచ్చు ఐ.ఎస్.ఐ. ముద్ర అట్టిదే. ప్రెషరు కుక్కరు, విద్యుత్తు ఇస్త్రీపెట్టె వంటివాటికి ఈ ముద్ర చూడక కొనరాదు. ముద్రను దొంగగా అచ్చువేయువారును కలరు. ముద్రతోబాటు ఉండు లైసెన్సు సంఖ్యను ఆ సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనమున సరిచూడవచ్చును. బిల్లు పుచ్చుకొనుట మఱువకుడు. బిల్లే వినియోగదారుని శాసనము.

ఆ కూలివాడు కోలుకొన్న పిమ్మట అతనిని వెంటబెట్టుకొని కమ్మరికడకు పోతిని. అతడు కామ లేని గొడ్డలిని ఏరి, తట్టి, వాయిపై బొటనవ్రేలు అడ్డముగా రాచి చూచి, “ఇదండీ” అనెను. తుమ్మకఱ్ఱ తానే చెక్కి కామ వేసెను. నలువది యేండ్లు దాటినది. కామ రెండుమార్లు మాఱినది. గొడ్డలి నేటికిని మా యింటనే యున్నది. దానిని చూచినప్పుడెల్ల ఆనాటి నా నవ్వు జ్ఞప్తికి వచ్చి తల వంచుకొందును. మీరు తల వంచుకొనవలసిన పని లేకుండ, కొనుటకు ముందే పట్టువానిని అడుగుడు.