రాత్రి ప్రయాణం - కారు దీపాలు



ఇబ్రహీంపట్నం అనగానే బెజవాడ పక్కనున్న ఊరనుకునేరు. నేను చెప్పేది రంగారెడ్డి జిల్లాలోది, కుతుబ్ షాహీల నాటి పెద్ద చెరువున్న ఊరు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు దీని మీదుగానే పోతుంది. ఎల్.బి. నగర్‌లో వీధిదీపాల కింద ఉన్నంతసేపూ కారు లైట్ల సంగతి మనకు గుర్తే రాదు. ఊరు దాటి యాచారం వైపు సాగాకనే తెలుస్తుంది. వెనక దీపం లేని ట్రాక్టరు, ఇంటిదారి పట్టిన గేదెలు, పొలం పని ముగించుకుని రోడ్డువారగా నడిచే ఆడవాళ్లు... వీళ్లంతా ఎంత ముందుగా కంటికి ఆనితే అంత మంచిది కదా!

అందుకే, “బల్బులు మార్పించేద్దాం, పట్టపగల్లా ఉంటుంది” అనే మాట చాలా ఇళ్లలో వినబడుతూ ఉంటుంది. డబ్బు లెక్క చూసేదీ మనమే, ఈ రోజుల్లో స్టీరింగు పట్టేదీ చాలాచోట్ల మనమే. కనుక కాస్త తెలుసుకుని మార్పిద్దాం.

చాలా కార్లలో ఉండేది హెచ్4 అనే హాలోజన్ బల్బు. దాని మీద 60/55 వాట్లు అని ఉంటుంది. దూరపు వెలుతురుకు 60, డిప్పుకు 55. బజారులో 100/90 వాట్లవి కూడా దొరుకుతాయి. వాట్లను 12 వోల్టులతో భాగించి చూడండి. 60 వాట్లకు 5 ఆంపియర్లు, 100 వాట్లకు 8 పైచిలుకు. అదే వైరులో వేడి మాత్రం రెండున్నర రెట్లు దాటిపోతుంది. ఇస్త్రీపెట్టెను లైటు ప్లగ్గులో పెట్టడం లాంటిదన్నమాట! హోల్డరు కరుగుతుంది, లోపలి అద్దం మసకబారుతుంది, ఒక్కొక్కప్పుడు మంటలే రావచ్చు.

ఎల్‌ఇడి బల్బులకు కరెంటు తక్కువే చాలు, మరి వాటితో ఇబ్బందేమిటంటారా? గాలికి దీపం ఆరకుండా చెయ్యి అడ్డుపెడతామే, అలా హెచ్4 బల్బులో డిప్పు తీగ కింద చిన్న రేకు ఉంటుంది. ఆ రేకు వల్లనే వెలుతురు కిందికి పడుతుంది, ఎడమవైపు కాస్త దూరం పారుతుంది. తీగ ఉన్నచోటనే సరిగ్గా వెలుగు పుట్టకపోతే అద్దం దాన్ని చెల్లాచెదరు చేస్తుంది. మనకు తెల్లగా, ఘనంగా కనిపిస్తుంది గానీ ఎదుటివారి కళ్లు బైర్లు కమ్ముతాయి. వయసు మళ్లినవారి చూపు మళ్లీ కుదుటపడడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆ క్షణాల్లోనే రోడ్డువారన నడిచే మనిషి వారికి కనిపించకుండా పోతుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో ఒక కొలత ఉంది. దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటిని ఆ వెలుతురు చెదరగొట్టకూడదు. ఇంచుమించు నిలబడ్డ ఆడమనిషి కళ్ల ఎత్తు! కంపెనీ ఇచ్చిన అమరికను ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 చట్టం 52వ సెక్షను కూడా ఒప్పుకోదు.

మరి చేయదగినదేమిటి? ముందు దీపాల పైమూత చూడండి. పచ్చబడి ఉంటే పాలిష్ పట్టించండి. బల్బు మార్చకుండానే తేడా తెలుస్తుంది. మార్చవలసి వస్తే 60/55లోనే మంచి కంపెనీది, రెండువైపులా ఒకేసారి మార్పించండి. వెలుతురు ఎక్కువిచ్చే రకాలు అందులోనే ఉన్నాయి, కాకపోతే త్వరగా పోతాయి. బల్బు గాజును వేళ్లతో తాకవద్దు, చేతి జిడ్డు అంటినచోట వేడెక్కి పగులుతుంది. వోల్టేజి నూటికి 5 పాళ్లు తగ్గితే వెలుతురు 15 పాళ్ల దాకా పడిపోతుంది. కనుక పాత కారైతే పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత రిలే పెట్టించడం కొత్త బల్బు కంటే మేలు.

ఆఖరున, దీపం చూపు. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరాన కారు నిలిపి డిప్పు వేయండి. వెలుతురు పై అంచు దీపం ఎత్తుకన్నా సుమారు 10 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. వెనకసీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే కారు ముక్కు పైకి లేస్తుంది. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. అది ఇందుకే. బరువును బట్టి తిప్పండి, బస్తా దించాక మళ్లీ సున్నాకు తెచ్చుకోండి.