విద్యతోడి నీతియు, క్రైస్తవ విశ్వాసమును
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పాఠశాలయందు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొనిన మమ్ము ఈ వేదికపై నిలిపి, బాలురకు చదువుతోపాటు నీతిని, క్రైస్తవ విశ్వాసమును నేర్పుటను గూర్చి మాటలాడుమనిరి. మన కులమున ఒక్క యింటనే అన్న రామాలయమునకును, తమ్ముడు చర్చికిని పోవుట కలదు. కావున నీ విషయము కొందరిది మాత్రమే కాదు.

విద్యను నడవడిని వేరుచేయుట మన పూర్వుల యాచారము కాదు. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో గురువు వేదాధ్యయనము ముగిసిన శిష్యునకు సత్యమును, ధర్మమును, మాతాపితరులయెడ భక్తిని, అతిథిపూజను ఉపదేశించును. రాబర్టు నోబిలు దొరయు 1843లో మచిలీపట్టణమున బడి నెలకొల్పి, ఆంగ్లవిద్యతోపాటు బైబిలును పాఠముగా చెప్పించెను. 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించిరి. బడి ఇంచుమించు శూన్యమయ్యెను. అంతటి కష్టమున కోర్చిన ఆ దొర, అంటరానివారనబడిన వారి బిడ్డలను మాత్రము చేర్చుకొనడయ్యె. ఈ యసంగతము మాకు చిరకాలము పరుల దోషముగానే తోచినది.

మేము పనిచేసిన బడిలో నీతిపాఠమునకు వారమున కొక గంట యుండెడిది. లూకా సువార్త 10వ అధ్యాయమునందలి మంచి సమరయుని కథను ఏటేట చెప్పుచుంటిమి. దొంగలు కొట్టి పడవేసిన బాటసారిని యాజకుడు చూచి తొలగిపోయెను, లేవీయుడును తొలగిపోయెను. యూదులు తక్కువగా చూచు సమరయుడు గాయములు కట్టెను. పొరుగువాడెవడని ప్రశ్న యిచ్చినచో తరగతియంతయు సరిగానే వ్రాసెడిది. మేమును మార్కులు ధారాళముగానే వేసెడివారము.

ఒకనాడు వెనుకబల్ల పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, ఆ సమరయుడు మన బడికొస్తే అన్నం ఎవరి పక్కన తింటాడండీ?" అని యడిగెను. పాకీపని చేయువారి బిడ్డ యొకడు చెట్టుక్రింద ఒంటరిగా భుజించుట యందరెరిగినదే. మేమును ఎరుగుదుము. అప్పటికి 18 సంవత్సరములుగా ఆ పాఠము చెప్పుచు, ఆ చెట్టువంక చూడకయే ఉపాధ్యాయుల గదికి పోవుచుంటిమి. ఆ లేవీయుడు మేమే.

మరునాడు మా క్యారియరు పట్టుకొని ఆ చెట్టుక్రిందికి పోతిమి. ఆ బిడ్డ బెదరి లేచి నిలుచుండెను; కూర్చుండబెట్టుట కొంత కష్టమయ్యెను. మొదటి మూడు దినములు మరెవ్వరును రాలేదు. వారము గడచునప్పటికి నలుగురు వచ్చిరి. ఇరువురు తండ్రులు వచ్చి మాపై ఆగ్రహించిరి. వారిలో నొకరు ఆదివార మారాధన తప్పనివారు.

నేటి తల్లిదండ్రులు ర్యాంకు తప్ప మరొకటి యడుగరు. వేకువనుండి రాత్రివరకు ప్రవేశపరీక్షల పాఠములే యైనప్పుడు నీతి కెడమెక్కడ? వారిని నిందింపజాలము, పేదయింటికి ర్యాంకే యాస్తి. కాని నీతికిని మార్కులు పెట్టిన బాగుండునను వారి మాటను మే మంగీకరింపము. వాక్యములు అప్పగించిన బాలునకు బహుమానము మేమును పలుమార్లిచ్చితిమి. దానివలన జ్ఞాపకశక్తి పెరుగుట చూచితిమి, తక్కినది చూడలేదు.

ఇక మన సంఘ వసతిగృహము మాట. సాయంకాలము అరగంట దీనికై విడువవలెను, పరీక్ష లేకుండ. క్రైస్తవ కుటుంబముల బిడ్డలకు బైబిలు చెప్పింపవచ్చును, తక్కినవారిని నిర్బంధింపరాదు. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని గల విద్యాసంస్థలలో, సంరక్షకుల సమ్మతి లేక మైనరు బాలుని మతబోధకు రమ్మనరాదని రాజ్యాంగము 28వ అధికరణమున నున్నది. మన గృహమునకును అదియే నియమము కావలెను. వార్డెనును, దర్శింపవచ్చు సంఘ పెద్దలును బాలుర పంక్తిలోనే, వంటమనిషి బిడ్డతో సహా, భోజనము చేయవలెను.

ఈ మూడు మాటలను మధ్యాహ్నపు సభలో తీర్మానముగా ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుమతి కోరుచున్నాము. కడపటి మాటకు అభ్యంతరము గలవారు అప్పుడే లేచి చెప్పుదురు గాక.