పులిజూదం: కొత్త ప్రత్యర్థి

ఈనాటి నా ప్రసంగం ఒక ఆటను గురించి. ఆటను గురించి చెప్పుటకు ఒక వృద్ధుణ్ణి పిలువవలెనా అని కొందరికి తోచవచ్చును. అయితే ఈ ఆటను నేను రెండుసార్లు నేర్చుకొన్నాను. ఏడేండ్ల వయస్సున మా అవ్వ దగ్గర ఒకసారి, డెబ్బదిమూడవ ఏట ఒక యంత్రం దగ్గర మరొకసారి. రెండవసారి నేర్చుకొన్నదే కష్టమైనది.

ఆట పేరు పులిజూదం. కొందరు పులి-మేక అంటారు. కుప్పం వైపు వెళ్ళితే తమిళులు ఆడు పులి ఆట్టమనీ, కన్నడిగులు ఆడు హులి ఆట అనీ అంటారు. మూడు భాషలు కలిసే చోటు గనుక ఒకే తిన్నె మీద మూడు పేర్లూ వినిపిస్తవి. కంటికి కనిపించని పటాన్ని రేడియోలో వర్ణించుట సులభం కాదు. సుద్దముక్క అందుబాటులో ఉన్నవారు నాతోపాటు గీసికొనవచ్చును. పైన ఒక కొన. అక్కడినుండి క్రిందికి నాలుగు గీతలు దిగి అడుగున ఒక అడ్డగీతను తాకుతవి. మధ్యలో ఈ నాలుగింటినీ కోస్తూ మూడు అడ్డగీతలు. అవి ఇరుప్రక్కలా బయటకు పొడుచుకొని వస్తవి, వాటి చివరలను ప్రక్కకొక నిలువుగీత కలుపుతుంది. కొన ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున నాలుగు. మొత్తం 23 స్థానాలు. పులులు మూడు, మేకలు 15. పులి ఒకటి కొన మీద, తక్కిన రెండు మొదటి అడ్డగీత నడిమిలో కూర్చుంటవి. మేకలను ఒక్కొక్కటిగా దించుతూ పోవలెను. 15 దిగేవరకు ఏ మేకా కదలరాదు. మేకకు వెనుక, అదే గీత మీద, చోటు ఖాళీగా ఉంటే పులి దాన్ని దూకి చంపుతుంది. పులులు మూడూ కదలలేకుండా చేసిననాడు మేకలది గెలుపు.

మా ఇంట్లో మేకలంటే చింతగింజలు, పులులంటే వంకలో ఏరిన గులకరాళ్ళు. మా అవ్వ నేర్పినది ఒకే మాట: "మూలలు పట్టుకోరా." కారణం చెప్పేది కాదు. అడిగితే తలమీద మొట్టేది.

పెండ్లి అయిన తరువాత నాకు ఈ ఆటలో నిత్యప్రత్యర్థి మా బావ. నా భార్యకు అన్న, కాపురం పుంగనూరులో. నేను మదనపల్లెలో బడిపంతులును. పండుగకో, పెండ్లికో కలిసినప్పుడెల్లా పటం గీయవలసినదే. పులులు ఎప్పుడూ ఆయనవే. నలభై ఏండ్లలో మేకలతో నేను ఆయనను కట్టివేసిన రోజులు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. దానికి ఒక కారణమున్నది. ఆయన పులి ఒక మేకను దూకి దిగిన చోటనుండి, వీలుంటే ఆ ఎత్తులోనే రెండవ మేకను కూడా దూకేది. అది న్యాయం కాదని నేను, అదే న్యాయమని ఆయన. నా భార్య మధ్యలో వచ్చి కాఫీ ఇచ్చి ఇద్దరినీ లేపేది.

ఆమె పోయిన ఏడాదికి, సంవత్సరీకం ముగిసిన సాయంకాలం, అందరూ మౌనంగా కూర్చుని ఉండగా బావ లేచి తిన్నె మీద పటం గీసినాడు. నన్ను ఓదార్చవలెనని ఆయన ఉద్దేశం. అది నాకు ఈనాడు తెలుస్తున్నది. ఆనాడు మాత్రం ఆయన పులి నా మేకలను రెండింటిని ఒక్కసారిగా కొట్టగానే, "నీది ఎప్పుడూ అన్యాయపు ఆటే బావా, మనిషివీ అంతే" అన్నాను. ఆయన మాట్లాడలేదు. తువ్వాలు భుజాన వేసికొని పుంగనూరు బస్సు ఎక్కినాడు. తరువాత ఆరేండ్లు మా ఇద్దరికీ మాటలు లేవు. మధ్యనున్నది గంటసేపైనా పట్టని ప్రయాణం.

ఇక యంత్రం సంగతి. మా మనుమరాలు కుప్పంలో ఇంజనీరింగు చదువుతున్నది. కంప్యూటరుకు ఏదైనా ఒక ఆట నేర్పి చూపవలెనని వారికి పని ఒప్పగించినారట. తోటివారు చదరంగం, పేకాట ఎన్నుకొన్నారు. ఈమె పులిజూదం ఎన్నుకొని, సెలవులకు మదనపల్లె వచ్చి, నా ఎదుట కాగితం పెట్టుకొని కూర్చున్నది. "తాతా, నియమాలు ఒక్కొక్కటిగా చెప్పు. యంత్రానికి 'మామూలుగా' అనే మాట అర్థం కాదు" అన్నది.

ఆటలు ఆడే యంత్రాలు కొత్తవి కావు. 1961లో డోనాల్డ్ మిచీ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు కంప్యూటరు అవసరమే లేకుండా 304 అగ్గిపెట్టెలతో, రంగు పూసలతో, సున్నా-ఇంటూ గీసే పిల్లల ఆటను నేర్చుకొనే సాధనం తయారుచేసినాడు. ఆటలో తటస్థించే ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క పెట్టె. పెట్టెలో ఏ రంగు పూస చేతికి వస్తే ఆ గడిలో ఆడవలెను. గెలిస్తే ఆ రంగు పూసలు మరికొన్ని చేర్చుట, ఓడితే వాడిన పూసను తీసివేయుట. కొన్ని వందల ఆటలకు చెడ్డ ఎత్తులకు పూసలే మిగులవు. మా అవ్వ మొట్టికాయకు ఇది యంత్రరూపమని నాకు తోచినది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు చదరంగంలో జగజ్జేత కాస్పరోవును ఓడించినది. మనం దాడి అని పిలిచే ఆటను 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటరుతో కడముట్ట లెక్కగట్టి, ఇరువైపులవారూ తప్పు చేయకుండా ఆడితే గెలుపు ఎవరికీ లేదని తేల్చినాడు. నేపాలులో ఆడే బాఘ్ చాల్‌లో పులులు నాలుగు, మేకలు 20. దాని లెక్క కూడా అదేవిధంగా సమమని తేలినది.

పేకాటలో యంత్రానికి వేరే చిక్కు ఉన్నది. ఇంగ్లీషువారి క్రిబేజి అనే ఆటలో చేతికి ఆరు ముక్కలు పంచుతారు. అందులో రెండు ప్రక్కన పడవేయవలెను. 15 కూడే జతలకు, వరుసలకు, జోడీలకు గుణింతం వేసి, రంధ్రాలున్న పలక మీద మేకులు జరుపుతూ 121 చేరినవాడు గెలుస్తాడు. ఒక చేతికి రాగల అత్యధికం 29. అది ఇద్దరి ఆటలో సుమారు 2,16,580 పంపకాలకు ఒకసారి వచ్చునని లెక్క. ఎదుటివాని ముక్కలు కనబడవు గనుక అక్కడ యంత్రం సగటులతో సరిపెట్టుకొనవలసినదే. పులిజూదంలో దాపరికం లేదు. అంతా తిన్నె మీదనే ఉన్నది. అయినా నలభై ఏండ్లు నాకు కనబడలేదు.

నియమాలు చెప్పసాగినాను. పటం, పులులు, మేకలు, అన్నీ సాగినవి. అప్పుడు ఆమె అడిగినది: "ఒకే ఎత్తులో పులి రెండు మేకలను కొట్టవచ్చునా?" "కూడదు" అన్నాను. నా గొంతులో ఏమి విన్నదో, కలం ఆపి నా మొగం చూచినది. తరువాత అదే ప్రశ్న కుప్పంలో తాను అద్దెకున్న ఇంటి ముసలమ్మను అడిగినదట. ఆమె "ఎందుకు కొట్టకూడదు?" అన్నదట. అందుచేత మా పిల్ల యంత్రానికి రెండు పద్ధతులూ నేర్పి, ఏది కావలెనంటే అది ఎన్నుకొనే ఏర్పాటు చేసినది.

మొదటి వారం నేను ఆడిన ప్రతి ఆటా ఓడినాను. అది ఎంత ముందుకు చూస్తుందో వివరించినది. ఆట మొదట మేకకు 20 ఖాళీ చోట్లు, పులులకు సుమారు ఆరు ఎత్తులు. అంటే ఒక జత ఎత్తులకే 120 దారులు. మూడు జతలు చూడవలెనంటే పది లక్షలు దాటును. మనిషి ఇందులో రెండు మూడు దారులు చూచి, తక్కినవి వాసనతో వదలివేస్తాడు. యంత్రం అన్నీ చూచి, పనికిరాని కొమ్మలను మధ్యలోనే నరికివేస్తుంది.

నేను పులులను తీసికొని, మేకలను యంత్రానికి ఇచ్చి, అది ఎక్కడ దించుతున్నదో కాగితం మీద వ్రాయసాగినాను. పంతులుబుద్ధి ఎక్కడికి పోతుంది! నాలుగు రోజులకు సంగతి బయటపడినది. 23 స్థానాలలో ఏడింటిలో ఉన్న మేకను ఏ పులీ ఎన్నడూ దూకలేదు: ప్రక్కలకు పొడుచుకొని వచ్చిన చట్రం నాలుగు మూలలు, అడుగు గీత రెండు చివరలు, పై కొన. ప్రతి గీతా అక్కడ ఆగిపోతుంది గనుక ఆవల దిగే చోటు లేదు. కొన పులిది. తక్కిన ఆరూ యంత్రం ముందుగా పట్టుకొంటున్నది. మూలలు పట్టుకోరా! ఎవరూ చెప్పకుండానే యంత్రం అవ్వ మాటను కనిపెట్టినది. అవ్వ చెప్పినా నేను అరువదియారేండ్లు కారణం కనిపెట్టలేదు. ఆ ఆరూ దిగిన తరువాత మిగిలిన తొమ్మిది మేకలను ఒకదాని వెనుక ఒకటి ఆనుకొనేటట్లు పేర్చుటలోనే అసలు ఆట ఉన్నది.

ఒక లోపం చెప్పవలెను. యంత్రంతో ఆడేటప్పుడు వేసిన ఎత్తును వెనుకకు తీసికొనే సౌకర్యమున్నది. నేర్చుకొనేవానికి అది వరమే; ఒకే తప్పును పదిరకాలుగా దిద్ది చూడవచ్చును. కాని క్రమంగా ఆలోచించకుండానే కాయ దించే అలవాటు పట్టుకొన్నది. బావ దగ్గర పెట్టిన కాయ పెట్టినట్లే. అందుచేత చివరికి ఆ సౌకర్యాన్ని తీసివేయమని పిల్లతో చెప్పినాను. అప్పటినుండి ఓటములు హెచ్చినవి, ఆట బాగుపడినది.

నెల తిరిగేసరికి పులి ఒక్క మేకనే కొట్టే పద్ధతిలో నేను యంత్రాన్ని అప్పుడప్పుడు కట్టివేస్తున్నాను. రెండింటిని కొట్టే పద్ధతిలో మాత్రం ఒక్కసారీ గెలువలేదు. ఒకనాడు రాత్రి ఓడిపోయి కూర్చున్నప్పుడు నాకు కోపం రాలేదు. ఈ యంత్రం అన్యాయమాడుతున్నదని ఎవరనగలరు? ఆ నియమం పెట్టినది మేమే. అదే నియమం వాళ్ళ ఇంట పుట్టినప్పటినుండి ఉండియుంటే, బావ చేసిన అన్యాయమేమిటి?

మరునాడు ఉదయం పుంగనూరు వెళ్ళినాను. బావ వాకిట వేపచెట్టు క్రింద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కినాడు. "రా బావా" అన్నాడు, నిన్ననే వెళ్ళి ఈరోజు వచ్చినట్లు. నీళ్ళు త్రాగిన తరువాత అడిగినాను, రెండు మేకలను కొట్టుట ఎక్కడిదని. "మా నాయన ఆడినది అట్లే. చెల్లెలు నీకు చెప్పలేదా?" అన్నాడు. "నేను అడుగలేదు" అన్నాను. అంతకుమించి ఆ సంగతి మాట్లాడుకోలేదు.

పటం గీసినాము. ఆరోజుకు నా పద్ధతిలో ఆడుటకు ఒప్పుకొన్నాడు. ఆరు మూలలూ పట్టినాను. ఒంటిగంటకు ఆయన మూడవ పులి కొన మీద కదలలేక నిలిచిపోయినది. చాలసేపు చూచినాడు. "ఎవరు నేర్పినారు?" అన్నాడు. చెప్పినాను. "ఆ పిల్లను పండుగకు తీసికొని రా. ఆ యంత్రాన్నీ తెమ్మను. మా నాయన పద్ధతిలో ఆడమను."

సంక్రాంతికి ముగ్గురమూ అదే చెట్టుక్రింద కూర్చున్నాము. పులులు యంత్రానికి, రెండింటిని కొట్టే పద్ధతి. బావ నాకు తెలిసి మొదటిసారి మేకలను తీసికొన్నాడు. వరుసగా మూడు ఆటలు ఓడినాడు. మూడవదానిలో నాలుగు మేకలు రెండు దూకులకే పోయినవి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాడు.

"నలభై ఏండ్లు నీవు పడినది ఇదా?" అన్నాడు.

మనుమరాలు యంత్రాన్ని మూసి ప్రక్కన పెట్టినది. బావ సుద్దముక్క తీసికొని నేలమీద పటం గీసినాడు. చింతగింజలు 15 లెక్కబెట్టి తన ముందు పోసికొని, గులకరాళ్ళు మూడూ నా వైపు తోసినాడు.